నాన్నకు టీబీ అన్నారు, క్యాన్సర్ అంటున్నారు, ఉద్దానం కిడ్నీ జబ్బు అంటున్నారు: దేన్ని నమ్మాలి?

సోంపేట మండలంలోని ఒక ఊరి నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దని కోరారు కనుక వేయడం లేదు. ఆమె తండ్రికి 61 ఏళ్లు. కొంత జీడితోట, కొంత కొబ్బరి ఉన్న రైతు. రెండున్నరేళ్ల క్రితం ఆయనకు దవడల కింద రెండు వైపులా నొప్పి లేని గడ్డలు తేలాయి. కొన్ని నెలలకు కంటి పైరెప్పలు కూడా ఉబ్బాయి. బరంపురంలోని ఒక ఆసుపత్రిలో దవడ కింది గడ్డ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించి, లాలాజల గ్రంథి దీర్ఘకాలంగా వాచి గట్టిపడిందని మాత్రమే రాశారు. ఆ తరువాత మరొక వైద్యుడు దీన్ని గడ్డల టీబీగా భావించి మందులు మొదలుపెట్టారు. కఫంలో గానీ, గడ్డలోంచి సూదితో తీసిన పదార్థంలో గానీ టీబీ క్రిమి ఏనాడూ కనబడలేదు. ఛాతీ ఎక్స్‌రే బాగానే ఉంది.

మందులు వాడుతున్న నాలుగో నెలలో కామెర్లు వచ్చాయి. మందుల వేడి అనుకుని ఆపేశారు, అయినా తగ్గలేదు. ఆ రోజుల్లోనే ఊళ్లోని ఆర్‌ఎంపీ ఇచ్చిన చిన్న తెల్లమాత్రలు పది రోజులు మింగితే గడ్డలు సగానికి తగ్గి, ఆపిన నెలలోపే తిరిగి వచ్చాయి. అవి స్టెరాయిడ్ మాత్రలని ఆమెకు తరువాత తెలిసింది. విశాఖపట్నం తీసుకువెళ్లి స్కానింగ్ చేయిస్తే క్లోమం (పాంక్రియాస్) తల భాగం ఉబ్బి పిత్తనాళాన్ని నొక్కుతోందని తేలింది. నాళం తెరుచుకుని ఉండేలా స్టెంట్ అనే చిన్న గొట్టం వేశాక, కామెర్ల తీవ్రతను చెప్పే బిలిరుబిన్ 11 నుంచి 3కి దిగింది. కామెర్లు ఎక్కువగా ఉన్న రోజుల్లో చేసిన సీఏ 19-9 అనే క్యాన్సర్ సూచిక రక్తపరీక్షలో విలువ పెరిగి ఉంది కనుక, క్యాన్సర్ అనుమానంతో పెద్ద ఆపరేషన్‌కు మూడు వారాల తరువాతి తేదీ ఇచ్చారు. ఇంతలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.1 అని, అంటే ఎక్కువగా, వచ్చింది. "ఉద్దానంలో పుట్టినోడికి కిడ్నీ పోకుండా ఉంటాదేటి?" అని మేనమామ తేల్చేశారు. అయితే స్కానింగ్ రిపోర్టులో రెండు మూత్రపిండాలూ మామూలు కంటే కాస్త పెద్దవిగా ఉన్నాయని రాసి ఉందని ఆమె ఎందుకో గుర్తుపెట్టుకుని రాశారు.

డిశ్చార్జి రోజున ఒక యువ డ్యూటీ డాక్టరు ఆయన దవడలనూ కళ్లనూ తడిమి చూసి, "ఐజీజీ4 పరీక్ష ఎప్పుడైనా చేయించారా?" అని అడిగి, ఎవరో పిలిస్తే వెళ్లిపోయారట. సర్జన్‌ను అడిగితే ఆలస్యం చేయడం ప్రమాదమన్నారు. కువైట్‌లో వెల్డింగ్ పని చేస్తున్న అన్నయ్య వెంటనే కోయించమంటున్నారు, తల్లి ఏడుస్తున్నారు, మేనమామ ఆ తెల్లమాత్రలే మళ్లీ వేయిద్దామంటున్నారు. "ఈ ఐజీజీ4 ఏమిటి? ఆపరేషన్ ఆపితే నాన్న ప్రాణం మీదికి తెచ్చినదాన్ని అవుతానా? ఆపకపోతే అనవసరంగా కోయించినదాన్ని అవుతానా?" అని అడిగారు. చివర్లో మరొక మాట రాశారు. దానికి నేనూ చివర్లోనే వస్తాను.

అమ్మా,

ఉత్తరం చదివి రోగం పేరు చెప్పగలిగే వైద్యుడు ఎవరూ లేరు, నేనూ చెప్పలేను. కానీ ఆ యువ డాక్టరు అడిగిన ప్రశ్న సరైన ప్రశ్న అని, దానికి జవాబు దొరికేలోపు ఆపరేషన్ గది తలుపు దాటవలసిన పని లేదని మాత్రం చెప్పగలను. దవడ గ్రంథులు, కన్నీటి గ్రంథులు, క్లోమం, పిత్తనాళం, మూత్రపిండాలు: ఈ అయిదూ రెండున్నరేళ్లలో ఒకదాని తరువాత ఒకటిగా వాచిన మనిషికి వేర్వేరు రోగాలు ఒకేసారి వచ్చి ఉండవచ్చు, లేదా ఒకే రోగం ఇన్ని చోట్ల కనబడుతూ ఉండవచ్చు. ఆ రెండో అవకాశానికి ఉన్న పేర్లలో ముఖ్యమైనది ఐజీజీ4 సంబంధిత వ్యాధి.

మన రక్తంలో క్రిములతో పోరాడే ప్రతిరక్షకాలలో ఐజీజీ అనే తరగతి ఉంది. అందులో నాలుగు రకాలున్నాయి, వాటిలో సాధారణంగా అతి తక్కువగా ఉండేది నాలుగోది. ఈ వ్యాధిలో రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి, ఆ నాలుగో రకాన్ని తయారుచేసే కణాలు ఏదో ఒక అవయవంలో గుంపుగా చేరతాయి. ఆ అవయవం వాచి, క్రమంగా పీచుకట్టి గట్టిపడుతుంది. బయటి నుంచి చేత్తో తడిమినా, లోపలి నుంచి స్కానింగ్‌లో చూసినా అది అచ్చం కణితిలాగే ఉంటుంది. ఐజీజీ4 ప్రతిరక్షకమే ఈ నష్టమంతా చేస్తోందని అనుకోకండి. అది రోగం వదిలిన అడుగుజాడ లాంటిది. ఎక్కువగా నడివయసు దాటిన మగవారిలో కనిపిస్తుంది. నొప్పి తక్కువ, జ్వరం దాదాపు ఉండదు, నెలల తరబడి మెల్లగా సాగుతుంది. అందుకే ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందనో నిద్ర చాలలేదనో అనుకుంటారు.

ఈ రోగానికి పేరు కొత్తది, రోగం పాతది. కన్నీటి గ్రంథులూ లాలాజల గ్రంథులూ రెండు వైపులా వాచిన ఒక రోగి గురించి మికులిజ్ అనే సర్జన్ 1892లోనే రాశారు. ఆ రోగి కూడా ఒక రైతే. దవడ కింది గ్రంథి కణితిలా గట్టిపడడాన్ని 1896లో క్యూట్‌నర్ వర్ణించారు. మూత్రనాళాల చుట్టూ పీచు పేరుకుని వాటిని నొక్కేయడాన్ని 1948లో ఆర్మండ్ అనే మూత్రకోశ వైద్యుడు రాశారు. క్లోమం వాపు విషయం వేరే పుస్తకాల్లో వేరేగా ఉండేది. ఇవన్నీ దశాబ్దాల తరబడి, కొన్నయితే వంద సంవత్సరాలకు పైగా, ఒకదానితో ఒకటి సంబంధం లేని రోగాలుగా చెలామణి అయ్యాయి. 2001లో జపాన్‌లోని షిన్షు విశ్వవిద్యాలయం వైద్యులు ఒక రకం క్లోమం వాపు ఉన్నవారి రక్తంలో ఐజీజీ4 బాగా పెరిగి ఉందని గమనించారు. 2003లో కమిసావా అనే మరో జపాన్ వైద్యుడు, అలాంటి రోగుల ఇతర అవయవాల్లో కూడా అవే కణాలు ఉన్నాయని చూపి, ఇది ఒంటినంతా పట్టే ఒకే వ్యాధి అని ప్రతిపాదించారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన ప్రాంతంలో సేవ చేస్తున్న వైద్యుల్లో చాలామంది చదువుకునే రోజుల్లో ఈ పేరే లేదు. మీ నాన్నగారిని చూసినవారెవరూ అశ్రద్ధ చేశారని నేను అనుకోవడం లేదు. దవడ చూసినవారు దవడనే చూశారు, కామెర్లు చూసినవారు కాలేయం వైపు చూశారు, క్రియాటినిన్ చూసినవారు ఊరి పేరు చూశారు. అన్నీ చూసిన మనిషి ఒక్కరే ఉన్నారు. అది మీరు.

ఇక మీకు చెప్పిన మూడు పేర్లనూ ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

టీబీ అనుమానించడం మన దేశంలో తప్పు కాదు. మెడలో గడ్డ కనబడితే ముందు దాన్నే తలచుకోవాలి. కానీ మీరు రాసినదాంట్లో రాత్రిపూట జ్వరం, చెమటలు లేవు. క్రిమి దొరకలేదు. బరంపురం రిపోర్టులో టీబీ గడ్డల్లో కనిపించే ప్రత్యేకమైన కణాల ముద్దల ప్రస్తావన లేదు. పైగా అక్కడ వాచింది లాలాజల గ్రంథి, లింఫు గడ్డ కాదు. మందుల వల్ల కామెర్లు రావడం నిజంగా జరిగేదే, అందుకే మందులు ఆపడం సరైన నిర్ణయం. అయితే మందు ఆపాక వారాల్లో తగ్గవలసిన కామెర్లు తగ్గకపోవడం, నాళం మూసుకుపోయి ఉండడం చూస్తే కారణం వేరే ఉందని స్పష్టమవుతోంది.

కిడ్నీ విషయంలో మీ మేనమామగారి మాటను నేను తేలిగ్గా తీసుకోను. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు ఇంతమంది డయాలసిస్‌కు తిరుగుతుంటే ఎవరికైనా అదే తడుతుంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభించవలసి వచ్చిందంటేనే ఆ కష్టం ఎంతటిదో తెలుస్తుంది. కానీ ఉద్దానం జబ్బులో మూత్రపిండాలు ఏళ్ల మీద మెల్లగా కుంచించుకుపోతాయి, క్రియాటినిన్ ఈ స్థాయికి వచ్చేసరికి చాలామందిలో స్కానింగ్‌లో చిన్నవిగా కనిపిస్తాయి. మీ నాన్నగారివి పెద్దవిగా ఉన్నాయి. ఐజీజీ4 వ్యాధి మూత్రపిండాన్ని పట్టినప్పుడు అది వాచి పెద్దదవుతుంది. లేదా మూత్రనాళాల చుట్టూ పీచు బిగుసుకుని మూత్రం వెనక్కి నిలిచినా పెద్దదవుతుంది. ఆ ఒక్క వాక్యాన్ని మీరు గుర్తుపెట్టుకోవడం ఎంత మంచి పనో చెప్పలేను. ఉద్దానంలో ఒక మనిషి కిడ్నీకి ఉద్దానం అని పేరు పెట్టగానే వెతకడం ఆగిపోతుంది. నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం ఇది. నయం చేయగల కారణం ఉన్నవారు కూడా ఆ పేరు కిందే డయాలసిస్ దాకా వెళ్లిపోయే ప్రమాదం ఉంది. పలాసలోనైనా విశాఖలోనైనా కిడ్నీ వైద్యునికి చూపి, మూత్రంలో ప్రోటీన్, మూత్రనాళాల స్థితి, రక్తంలో కాంప్లిమెంట్ సీ3, సీ4 అనే రోగనిరోధక ప్రోటీన్ల పరీక్షలు, ఈసినోఫిల్ అనే తెల్లకణాల లెక్క చూడమని అడగండి. కాంప్లిమెంట్ తగ్గి, ఈసినోఫిల్స్ పెరిగి ఉంటే ఐజీజీ4 వైపు మొగ్గు పెరుగుతుంది. రెండు జబ్బులూ కలిసి ఉండే అవకాశాన్ని కూడా కొట్టివేయలేం. ఒళ్లునొప్పుల మాత్రలు మాత్రం ఈ పూట నుంచే పూర్తిగా మానిపించండి. కారణం ఏదైనా అవి కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి.

ఇప్పుడు అసలైన చిక్కు, క్లోమం. సర్జన్ తొందరపడుతున్నారంటే దానికి బలమైన కారణం ఉంది. నొప్పి లేని కామెర్లతో వచ్చే క్లోమం క్యాన్సర్ చాలా వేగంగా ముదురుతుంది, కోసి తీయగల దశ కొద్దికాలమే ఉంటుంది. ఆ దశలో వృథా చేసిన నెలలు తిరిగి రావు. అదే సమయంలో, ఐజీజీ4 వల్ల వాచిన క్లోమం కూడా సరిగ్గా అలాగే నొప్పి లేని కామెర్లతోనే బయటపడుతుంది. క్యాన్సర్ అనుకుని కోసి తీసిన క్లోమాల్లో కొన్ని తరువాత పరీక్షలో ఈ వాపేనని తేలడం ప్రపంచమంతటా జరిగింది, మందుతో తగ్గగలిగేదానికి కత్తి వాడినట్టయింది. ఆ ఆపరేషన్ చిన్నది కాదు. క్లోమం తల భాగం, చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం, పిత్తనాళంలో కొంత కలిపి తీసి మళ్లీ అతుకుతారు. కిడ్నీ పనితీరు తగ్గిన 61 ఏళ్ల మనిషికి అది అవసరమైతే చేయించవలసిందే, కానీ అవసరమని తేలాక.

సీఏ 19-9 పెరిగిందని అన్నయ్యగారు భయపడుతున్నారని రాశారు. పిత్తం కదలక నిలిచిపోతే క్యాన్సర్ లేకపోయినా ఆ విలువ పెరుగుతుంది. స్టెంట్ పనిచేసి కామెర్లు తగ్గాయి కనుక ఇప్పుడు మళ్లీ చేయించి చూడమనండి. బాగా దిగితే కొంత ఊరట, దిగకపోతే అనుమానం బలపడుతుంది. రక్తంలో ఐజీజీ4 పరీక్ష కూడా చేయించండి; మన జిల్లాలోని ప్రయోగశాలలు నమూనా తీసి పెద్ద నగరానికి పంపిస్తాయి, ఫలితం కొద్ది రోజుల్లో వస్తుంది. కానీ దాని హద్దులు ముందే తెలుసుకోండి. డెసీలీటరుకు 135 మిల్లీగ్రాములు దాటితే పెరిగినట్టు లెక్క. ఈ వ్యాధి ఖాయంగా ఉన్నవారిలో కూడా సుమారు మూడోవంతు మందిలో అది మామూలుగానే ఉండవచ్చు. మరోవైపు క్లోమం క్యాన్సర్ ఉన్నవారిలో పదిమందిలో ఒకరికి ఇది ఓ మోస్తరుగా పెరిగి ఉన్నట్టు ఒక పరిశీలనలో తేలింది. రెట్టింపు దాటి పెరగడం మాత్రం క్యాన్సర్‌లో అరుదు. కొన్నిసార్లు రక్తంలో అది మరీ ఎక్కువగా ఉన్నప్పుడు యంత్రం పొరబడి తక్కువగా చూపడం కూడా ఉంది, అలాంటప్పుడు నమూనాను పలచన చేసి మళ్లీ చూడాలి. కాబట్టి కాగితం మీద వచ్చిన ఆ ఒక్క అంకెను చూసి ఆపరేషన్ ఆపకండి, అంకె మామూలుగా ఉందని ఆపరేషన్‌కు పరుగెత్తకండి.

అంకె కంటే ముక్క గొప్పది. ఆ ముక్క మీ దగ్గర ఇప్పటికే ఉంది. బరంపురంలో గడ్డలోంచి తీసినదాన్ని మైనంలో పెట్టి చిన్న దిమ్మగా భద్రపరుస్తారు, ప్రయోగశాలలు సాధారణంగా వాటిని ఏళ్ల తరబడి దాచుతాయి. పాత రిపోర్టు నంబరు పట్టుకుని వెళ్లి, ఆ మైనపు దిమ్మనూ అద్దపు పలకలనూ రెండో అభిప్రాయం కోసం ఇవ్వమని అడగండి; రెండో అభిప్రాయం కోరడం రోగి హక్కు, సాధారణంగా ఇస్తారు. వాటిని ముక్కలను సూక్ష్మదర్శినిలో పరీక్షించే అనుభవం ఉన్న పాథాలజిస్టుకు ఇచ్చి ఐజీజీ, ఐజీజీ4 కణాలకు ప్రత్యేక రంగు వేసి లెక్కించమనండి. ఆయన మూడు విషయాలు చూస్తారు: కణాలు ఎంత దట్టంగా చేరాయి, పీచు చక్రం ఆకుల్లాగా సుళ్లు తిరిగి ఉందా, చిన్న సిరలు లోపలి నుంచి పూడుకుపోయాయా. ఐజీజీ కణాల్లో ఐజీజీ4వి 40 శాతం దాటితే, పై లక్షణాలు కూడా తోడైతే, రోగం పేరు దాదాపు చేతికి వచ్చినట్టే. ఆ ముక్క స్టెరాయిడ్ మాత్రలు మింగకముందు తీసినది కావడం మరీ విలువైన సంగతి, ఎందుకంటే ఆ మందు పడ్డాక తీసిన ముక్కలో గుర్తులు చెరిగిపోయి ఉండవచ్చు. దిమ్మ దొరకకపోతేనే దవడ గ్రంథి నుంచి మళ్లీ తీయవలసి వస్తుంది. అప్పుడు సూదితో పీల్చిన కణాలు చాలవు, ముక్కే కావాలి.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, దయచేసి దీన్ని రెండుసార్లు చదవండి. దవడలో ఐజీజీ4 వ్యాధి ఉందని రుజువైనంత మాత్రాన క్లోమంలో క్యాన్సర్ లేదని రుజువు కాదు. ఆ ప్రశ్నకు విడిగా జవాబు కావాలి. నోటి ద్వారా గొట్టం వేసి లోపలి నుంచి అల్ట్రాసౌండ్‌తో చూస్తూ క్లోమం నుంచి ముక్క తీసే పరీక్ష ఉంది, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ అంటారు. విశాఖలో జీర్ణకోశ వైద్యులు చేస్తారు. పాత స్కానింగ్ సీడీని కూడా రేడియాలజిస్టుకు మళ్లీ చూపి, క్లోమం మొత్తం గెనుసుగడ్డలా సమంగా ఉబ్బి చుట్టూ ఒక పొర కట్టినట్టుందా, లేక ఒక్కచోటే ముద్ద ఉండి దాని వెనుక నాళం బాగా వెడల్పయిందా అని అడగండి. మొదటిది వాపుకు, రెండోది క్యాన్సర్‌కు దగ్గర. కొత్తగా కాంట్రాస్టు స్కానింగ్, అంటే నరంలోకి మందు ఎక్కించి తీసేది, చెబితే క్రియాటినిన్ ఎంతుందో వారికి తప్పక గుర్తుచేయండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఇచ్చిన తేదీకే ఆపరేషన్ చేయిస్తే, అది క్యాన్సర్ అయిన పక్షంలో ఒక్క రోజు కూడా పోగొట్టుకోలేదన్న నిశ్చింత ఉంటుంది. కాని పక్షంలో తిరిగి అతికించలేని నష్టం, షుగర్, జీర్ణశక్తి తగ్గడం, కిడ్నీకి అదనపు దెబ్బ మిగులుతాయి, దవడలూ కళ్లూ కిడ్నీల రోగం మాత్రం అలాగే ఉంటుంది. తేదీని రద్దు చేయకుండానే, మధ్యలో ఉన్న ఈ మూడు వారాల్లో పై పరీక్షలన్నీ పూర్తిచేయడం మరో దారి. స్టెంట్ వల్ల కామెర్లు దిగుతున్నాయి కనుక ఆ గడువు మీకు ఉంది. ఒకవేళ ఫలితాలు రావడానికి పది రోజులు అదనంగా పట్టినా, ఎంతకాలం వాయిదా వేయవచ్చో సర్జనే గడువు చెప్పాలి, ఆ గడువును మీరు కాగితం మీద రాయించుకోవాలి. గడువు లేని వాయిదా ఆపరేషన్ కంటే ప్రమాదకరం. నాకైతే ఈ రెండో దారే సబబుగా తోస్తోంది, కానీ ఆయన బరువు ఎంత తగ్గారు, స్కానింగ్‌లో ముద్ద ఎలా ఉంది అన్నవి ఎదురుగా చూస్తున్న వైద్యులకే తెలుసు.

మేనమామగారు చెబుతున్న తెల్లమాత్రల దారి వినడానికి తీయగా ఉంటుంది, ఒకసారి పనిచేసింది కూడా. స్టెరాయిడ్‌కు వేగంగా లొంగడం ఈ వ్యాధి లక్షణమే. క్లోమం నుంచి తీసిన ముక్కలో క్యాన్సర్ లేదని తేలాక, ఇంకా సందేహం మిగిలితే, నిపుణులు రెండు వారాలపాటు స్టెరాయిడ్ ఇచ్చి మళ్లీ స్కానింగ్ తీసి చూసే పద్ధతి ఉంది. కానీ అది ముక్క పరీక్ష తరువాత వేసే అడుగు, ముందు వేసేది కాదు. స్టెరాయిడ్ పడితే లింఫోమా అనే గ్రంథుల క్యాన్సర్ కూడా కొన్నాళ్లు కరిగినట్టు కనిపిస్తుంది. కడుపులో ఎక్కడో దాగిన టీబీ రేగుతుంది. తోటల్లో చెప్పులు లేకుండా తిరిగేవారి పేగుల్లో ఉండే ఒక రకం నులిపురుగు ఒళ్లంతా పాకి ప్రాణం తీయగలదు. విజయనగరం వైపు నుంచి వచ్చిన ఒక రోగికి, కళ్లూ మెడా వాచి ఆయాసపడుతుంటే, ముక్క తీయించకుండానే నేనే స్టెరాయిడ్ మొదలుపెట్టాను. వారంలో ఆయన నవ్వుతూ వచ్చారు. నాలుగు నెలల తరువాత అది లింఫోమా అని తేలింది. ఆ నాలుగు నెలలు నేను ఆయనకు తిరిగి ఇవ్వలేకపోయాను. అందుకే మీ ఆర్‌ఎంపీ చేసినదాన్ని నిందించే అర్హత నాకు లేదు, మళ్లీ అదే పని చేయనివ్వవద్దని మాత్రం వేడుకుంటున్నాను. ఆ మాత్రలు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, రోజుకు ఎన్ని వేశారో రాసి ప్రతి వైద్యునికీ, ముఖ్యంగా మత్తు ఇచ్చే డాక్టరుకు చెప్పండి. మీకు తెలియకుండా ఇంకా వేస్తూ ఉంటే ఒక్కసారిగా ఆపించకండి, ముందు డాక్టరుకు చెప్పండి. ఎక్కువ రోజులు వాడినదాన్ని హఠాత్తుగా మానితే రక్తపోటు పడిపోవచ్చు.

అన్నయ్యగారితో ఎలా మాట్లాడాలి అని అడిగారు. దూరదేశంలో ఉన్న కొడుకు దగ్గర డబ్బూ భయమూ తప్ప చేయడానికి మరేమీ ఉండదు, అందుకే ఆయన గొంతులో తొందర ఉంటుంది. "ఆపరేషన్ వద్దు" అని మొదలుపెట్టకండి. "తేదీ అలాగే ఉంది, ఈలోపు ఈ మూడు పరీక్షలు అవుతాయి, ఫలానా రోజుకు తేలుతుంది" అని చెప్పండి. సర్జన్ దగ్గర కూడా ఎదురుమాటలా కాకుండా, "దవడ గడ్డలు, కంటి వాపు, కిడ్నీ పెద్దవి కావడం కూడా ఉన్నాయి సార్, వీటన్నిటికీ కలిపి ఐజీజీ4 ఉండే అవకాశం ఉందా, ఆపరేషన్‌కు ముందే ముక్క తీసి చూడవచ్చా?" అని అడగండి. దవడ గడ్డల సంగతి ఆయనకు ఎవరూ చెప్పకపోయి ఉండవచ్చు. ఒకే తెల్లకాగితం మీద నెల, సంవత్సరంతో ఏది ఎప్పుడు మొదలైందో వరుసగా రాయండి. గడ్డలు తేలకముందు, రెప్పలు ఉబ్బకముందు తీసిన పెళ్లి ఫొటో ఏదైనా ఉంటే దానికి జతచేయండి. ఆ కాగితం చదవడానికి రెండు నిమిషాలు చాలు, రెండున్నరేళ్ల ఫైలు తిరగేసే తీరిక ఏ ఓపీలోనూ ఉండదు.

ఈ రోగాన్ని మొత్తంగా పట్టి చూసేవారు రుమటాలజిస్టులు, అంటే కీళ్లు, రోగనిరోధక వ్యాధుల నిపుణులు. విశాఖలో దొరుకుతారు, హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. మనవాళ్లకు అలవాటైన వెల్లూరు కూడా మంచిదే, కానీ స్టెంట్ ఉన్న మనిషిని రైల్లో అంత దూరం తిప్పేముందు దగ్గరలో అయ్యే పరీక్షలు ముగించుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏవి వస్తాయో, ఏవి సొంతంగా పెట్టుకోవాలో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోండి.

ఐజీజీ4 అని తేలితే సాధారణంగా రోజుకు 30 నుంచి 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌తో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాల తరువాత నెలల మీద మెల్లగా తగ్గిస్తారు. మొదలుపెట్టే ముందు టీబీ, హెపటైటిస్ బి, షుగర్ చూడాలి, ఆ నులిపురుగు మందు గురించి అడగాలి. పూర్తిగా పీచుకట్టిపోని భాగాలు బాగా కోలుకుంటాయి, కిడ్నీ కూడా. తిరగబెట్టడం ఈ రోగంలో మామూలే, అప్పుడు రిటుక్సిమాబ్ వంటి మందులు ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో అమెరికాలో ఇనెబిలిజుమాబ్ అనే మందుకు ప్రత్యేకంగా ఈ వ్యాధికే అనుమతి వచ్చింది. ఒకవేళ క్యాన్సర్ అనే తేలితే, అదే సర్జన్ చేతిలో, అనుమానం లేని మనసుతో ఆపరేషన్ చేయిస్తారు. రెండిటిలో ఏది తేలినా ఈ మూడు వారాలు వృథా కావు.

ఈలోపు చలితో కూడిన జ్వరం వచ్చినా, కళ్లు మళ్లీ పచ్చబడినా, మూత్రం బాగా తగ్గినా ఆ రాత్రికి రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. స్టెంట్ మూసుకుపోయి పిత్తనాళంలో చీము చేరితే తెల్లవారే దాకా ఆగే వ్యవధి ఉండదు.

ఇక మీ ఉత్తరంలోని చివరి మాట. టీబీ అన్న రోజు నుంచి నాన్నగారు తనంతట తానే వసారాలోకి మారిపోయారని, విడిగా కంచం, గ్లాసు పెట్టుకున్నారని, మనవరాలు దగ్గరకు వస్తే చెయ్యి అడ్డం పెడుతున్నారని, ఏడాదిగా ఎవరూ లోపలికి రమ్మనలేదని రాశారు. మెడ గడ్డల్లో మాత్రమే ఉండే టీబీ, అది నిజంగా టీబీయే అయినా, పక్కన కూర్చుంటే అంటుకోదు. ఆయన ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, క్రిమి ఎప్పుడూ కనబడలేదు. ఐజీజీ4 వ్యాధి గానీ క్యాన్సర్ గానీ ఉద్దానం జబ్బు గానీ ఒకరి నుంచి ఒకరికి రావు. పరీక్షల ఫలితాల కోసం ఎదురుచూడకుండా, ఈ రాత్రే ఆయన పక్కను లోపల పరిపించి, అందరి కంచాలతో పాటే ఆయన కంచమూ పెట్టండి. పాపను ఆయన ఒడిలో కూర్చోబెట్టేటప్పుడు, డాక్టరు చెప్పారని ఆయనకు వినబడేలా చెప్పండి.